ఒక మోకాలు, రెండు వాకిళ్ళు

"సరిగ్గా ఐదింటికి ఇన్‌స్పెక్టర్ గారు వస్తారు. ఫిర్యాదు టైపు చేయించాను. నా సంతకం ఒక్కటే బాకీ," అన్నాడు యజమాని.

గోడ గడియారంలో మూడూ పది అయింది. బల్ల మీద ఒక కాగితం, దాని మీద ఒక కలం. బల్లకి ఇవతల కుర్చీలో గీతలమ్మాయి తల వంచుకుని కూర్చుని ఉంది. కృత్రిమ కాళ్ళు తయారు చేసే ఆ కంపెనీలో మోకాలి కీళ్ళ బొమ్మలు గీసేది ఆ అమ్మాయే. అందుకే ఆ పేరు. ఐదు దాటితే ఆ పేరు పోయి దొంగ అన్న పేరు వస్తుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి చేతికి ఏ కంపెనీ పెన్సిలు ముక్క కూడా ఇవ్వదు.

"గంటా యాభై నిమిషాలుంది. నాకది చాలా ఎక్కువ. మధ్యలో ఓ కునుకు కూడా తియ్యొచ్చు," అన్నాడు స్తంభాల మావయ్య.

ఆయన ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కి దిగి, కాళ్ళు మొరాయించాక డిటెక్టివ్ పనిలోకి దిగిన మనిషి. అసలు పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఓసారి గాలివానకి తీగ తెగిపడితే ఆ కొసనీ ఈ కొసనీ రెండు చేతుల్తో పట్టుకుని నలభై నిమిషాలు తనే తీగై నిలబడ్డాడట. అంతసేపూ ఓ కొత్త జంట ఆయన ఒంట్లోంచే మాట్లాడుకున్నారట. ఆ కబుర్లన్నీ ఇప్పటికీ ముసురు పట్టినప్పుడు ఎముకల్లో వినపడతాయట. నమ్మనివాళ్ళకి మోచెయ్యి చూపిస్తాడు. మోచేతిలో ఏముంటుంది, మోచెయ్యి ఉంటుంది. కానీ అబద్ధం చెప్పేవాడి గొంతు ఎక్కడ సన్నబడుతుందో ఆ చెవులకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పొద్దున్న గీతలమ్మాయి తల్లి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక్కసారి రా," అంది. అంతే, వచ్చేశాడు.

"కేసు అద్దంలా ఉంది," అన్నాడు బల్ల పక్కన నిలబడ్డ మనిషి. ఆయన కంపెనీ కంప్యూటర్ల భద్రతాధికారి. మెళ్ళో ఏడు కార్డులూ నడుముకి ఓ తాళాల గుత్తీ వేలాడుతుంటాయి. వెనకాల అందరూ తాళాలాయన అంటారు. ముందర సార్ అంటారు. "మంగళవారం పదకొండూ నలభై రెండుకి మోకాలి బొమ్మ పద్నాలుగో నమూనా మాకు పోటీ అయిన అవతలి కంపెనీ వాళ్ళ ఇంటర్నెట్ ఖాతాలోకి వెళ్ళింది. మా ఆఫీసు గేటు చిరునామాతోనే వెళ్ళింది. గేటు పుస్తకంలో, అంటే కంప్యూటర్ రాసుకునే రాకపోకల చిట్టాలో, ఈవిడ పేరుంది. ఈవిడ మెషీన్ పేరూ ఉంది. ఇంతకంటే ఏం కావాలండీ?"

"నాకా? నాకు కాస్త అర్థమయ్యేలా చెప్పేవాడు కావాలి. ఈ అమ్మాయి ఆరోజు ఇంట్లో ఉంది కదా. ఇంట్లో కూర్చుంటే మీ గేటు పుస్తకంలోకి పేరెలా వచ్చింది?"

తాళాలాయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "వీపీఎన్ అని ఉంటుంది పెద్దాయనా. ఇంట్లోంచి ఆఫీసు దాకా ఓ సొరంగం అనుకోండి. అది తెరిచాక లాప్‌టాప్‌లోంచి ఏది బయల్దేరినా ముందు మా ఆఫీసుకొచ్చి, మా చిరునామాతో లోకంలోకి పోతుంది. ఆవిడ తొమ్మిదీ రెండుకి తెరిచింది, ఒంటిగంటకి మూసింది."

"బొమ్మలు ఆ లాప్‌టాప్‌లోనే ఉంటాయా?"

"అక్కడే నా తెలివంతా ఉంది. లాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్ ఉంటుంది. వర్చువల్ మెషీన్ అంటారు. చేత్తో పట్టుకునేది కాదు, తెర మీద కిటికీలా తెరుచుకుంటుంది. బొమ్మలన్నీ దాంట్లోనే. అందులోంచి పై లాప్‌టాప్‌లోకి ఒక్క గీత కూడా కాపీ అవదు. పెన్‌డ్రైవ్ పెడితే పనిచెయ్యదు. అన్ని దార్లూ నేనే మూసేశాను."

"భేష్. మరి ఆ లోపలి కంప్యూటర్ బయటికి మాట్లాడాలంటే?"

"పైదాని ద్వారానే. న్యాట్ అనే పద్ధతి. లోపలిదానికి వీధిలో సొంత చిరునామా ఉండదు, పైదాని పేరు మీదే పోతుంది. పైది సొరంగంలో ఉంటే లోపలిదీ సొరంగంలో ఉన్నట్టే."

మావయ్య మొహం వెలిగింది. "ఓస్, ఎక్స్‌టెన్షన్ ఫోనా! ముందుగదిలో అసలు ఫోను, పడగ్గదిలోకి ఓ తీగ. పడగ్గదిలోంచి ఎంత గుసగుసలాడినా బిల్లు ముందుగది నంబరుకే వస్తుంది."

"...అలాగే అనుకోండి."

"ఈ న్యాట్ పద్ధతిని ఎవరైనా మార్చొచ్చా?"

"ముప్పై ఆరు మెషీన్లు నా చేత్తో పెట్టాను. ముప్పై ఆరూ న్యాటే. మొన్న మీటింగులో అందరి ముందూ చెప్పాను, అడగండి."

"చెప్పారు, చెప్పారు," అంది కిటికీ దగ్గర్నుంచి ఇంకో గొంతు. అమ్మకాల మేనేజరు, యజమాని బావమరిది. అక్కగారింట్లోనే మకాం. దవడకి రుమాలు ఆనించుకుని నిలబడ్డాడు. "ముప్పై ఆరూ న్యాటే."

"పన్ను నొప్పా బాబూ?"

"నాలుగు రోజుల్నుంచి చంపేస్తోందండీ."

"పాపం," అని మావయ్య మళ్ళీ తాళాలాయన వైపు తిరిగాడు. "ఈ రెండు ముక్కలూ రాసి సంతకం పెట్టి ఇస్తారా? మెషీన్లన్నీ న్యాటే, లోపలి బొమ్మ పై లాప్‌టాప్‌లోకి రాదు అని. ముసలి బుర్ర, మర్చిపోతుంది."

తాళాలాయన గీతగీసినట్టు రాసి, కింద తోక ఉన్న సంతకం పెట్టి ఇచ్చాడు. మావయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకుని గీతలమ్మాయి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఏమ్మా, మంగళవారం ఏం చేశావో నిమిషాలతో సహా చెప్పు. భయపడకు. భయపడితే నిమిషాలు జారిపోతాయి."

"తొమ్మిదీ రెండుకి కూర్చున్నాను మావయ్యా. తొమ్మిదీ నలభైకల్లా పదిహేనో నమూనా అయిపోయింది. పద్నాలుగోది సోమవారం సాయంత్రమే ఆఫీసుకి పంపేశాను. పదీ ఇరవై నుంచి పన్నెండుంపావు దాకా పదిహేనుని నిలువెత్తు కాగితాల మీద ప్రింటు తీశాను. అమ్మ కత్తిరించింది."

"పదిహేను తయారయ్యాక పద్నాలుగు అమ్ముకున్నావా? పొద్దుటి పాలు కాచి పెట్టుకుని నిన్నటి పాలు అమ్మినట్టుంది. ఈ దొంగకి వ్యాపారం రాదు." మావయ్య గడ్డం గోక్కున్నాడు. "ప్రింటరు ఎక్కడుంది?"

"ఇంట్లోనే. కంపెనీ వాళ్ళే బిగించి ఇచ్చారు."

"తాళాలు గారూ, సొరంగం తెరిచి ఉంటే ఇంట్లో ఉన్న ప్రింటరు కనపడుతుందా?"

"కనపడదు. తెరిచి ఉన్నంతసేపూ ఇల్లూ వీధీ ఏవీ కనపడవు. అదీ నేనే మూయించాను," అన్నాడు తాళాలాయన. అనేసి, నవ్వాడు. "చూశారా? తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా సొరంగం తెరిచే ఉంది. మధ్యలో ప్రింటు ఎలా తీస్తుంది? అబద్ధం దొరికిపోయింది!"

గీతలమ్మాయి చివ్వున తలెత్తింది. "నేను అబద్ధం చెప్పట్లేదు సార్! కాగితాలున్నాయి."

"కాగితాలు ఎప్పుడు తీశావో ఎవరికి తెలుసు?"

"ప్రింటరుకి తెలుసు," అంటూ మావయ్య లేచి చేతికర్ర అందుకున్నాడు. "పదండి. పన్ను నొప్పి బాబూ, మీరూ రండి. మీ కంపెనీ మోకాలు కదా, మీ కళ్ళతో చూడాలి."

యజమాని ఫిర్యాదు కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ని అక్కడికే రమ్మంటాను. ఐదు అంటే ఐదే."

కారు బావమరిదే నడిపాడు. మలుపుల దగ్గర బండి కాస్త ఎక్కువే ఊగింది.

*

మూడూ నలభైకి తలుపు తీసింది తల్లి. ఆవిడకి ఎడమ కాలు మోకాలి పైదాకా లేదు. పాత రకం కాలు తొడుక్కుని గోడ పట్టుకుని నడుస్తుంది. ఆ పాత కీలు మెట్ల మీద ఎప్పుడు బిగుసుకుంటుందో, ఎప్పుడు మడతపడుతుందో దాని ఇష్టం. దాని మీద కోపంతోనే కూతురు గీతలు నేర్చుకుంది.

"రా అన్నయ్యా. ఈ మెళ్ళో గంటలు కట్టుకున్నాయన ఎవరు?"

"గంటలు కాదు చెల్లెమ్మా, అధికారాలు."

తాళాలాయన వినిపించుకోనట్టు లోపలికి నడిచాడు. ముందుగదిలో మూలన బల్ల. బల్ల మీద లాప్‌టాప్. దాని మూత మీద నిన్న ఆయనే అంటించిన సీలు చెక్కుచెదరలేదు. లాప్‌టాప్ నుంచి ఓ తీగ గోడనున్న ఇంటర్నెట్ డబ్బాలోకి వెళ్ళింది. డబ్బా నుంచి ఇంకో తీగ మంచమంత ప్రింటరుకి వెళ్ళింది. ఆ ప్రింటరు చుట్టూ నేల మీదా, కుర్చీల మీదా, కిటికీ గట్టు మీదా కాగితపు మోకాళ్ళే.

"మంగళవారం మధ్యాహ్నం దాకా కత్తిరిస్తూనే ఉన్నాను. వేళ్ళు కాయలు కాశాయి. దొంగసొత్తు కత్తిరిస్తున్నానని ముందే తెలిస్తే ఇంకాస్త శుభ్రంగా కత్తిరించేదాన్ని," అంది తల్లి.

మావయ్య బల్ల జోలికి పోలేదు. తీగ వెంట వేలు పెట్టుకుంటూ గోడ దాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ముప్పయ్యేళ్ళ అలవాటు, మనిషిని అడిగేముందు తీగని అడగడం. తర్వాత ప్రింటరు మీద చిన్న తెరని తాళాలాయనకి చూపించాడు.

"నా కళ్ళజోడు పాతది. మీరు చదవండి. మంగళవారం పనుల జాబితా."

తాళాలాయన చదివాడు. "పదకొండూ ముప్పై ఆరు. పదకొండూ నలభై. పదకొండూ నలభై నాలుగు." గొంతు కాస్త నెమ్మదించింది. "పంపింది... ఈవిడ లోపలి మెషీనే."

"ఏ చిరునామా నుంచి?"

తాళాలాయన తెరకి మొహం దగ్గరగా పెట్టి ఇంకోసారి చూశాడు.

"ఏ చిరునామా నాయనా?" అని తల్లి కూడా అడిగింది.

"ఇది... ఈ ఇంటి డబ్బా ఇచ్చిన చిరునామా. లోపలి మెషీన్‌కి సొంతంగా ఇచ్చింది."

"సొంత చిరునామా ఉండదన్నారే?"

"న్యాట్‌లో ఉండదు!" తాళాలాయన గిర్రున తిరిగాడు. "ఎవరు మార్చారు? ఇది బ్రిడ్జ్‌లో పెట్టారు! ఎవరు ముట్టుకున్నారు నా మెషీన్ని?"

"ప్రింటరు బిగించడానికి వచ్చిన మెకానిక్ చూపించాడు సార్," అంది గీతలమ్మాయి. "ప్రింటు తీసేటప్పుడు బ్రిడ్జ్‌లోకి మార్చుకో, ఆఫీసుకి పంపేటప్పుడు మళ్ళీ న్యాట్‌లో పెట్టుకో అన్నాడు. అంతకుముందు ప్రింటరు కనపడట్లేదని మీకు నాలుగు మెయిళ్ళు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు."

యజమాని తాళాలాయన వంక చూశాడు. తాళాలాయన కార్డుల వంక చూసుకున్నాడు.

"బ్రిడ్జ్ అంటే నేను చెప్తాను, మీరు తప్పులు దిద్దండి," అన్నాడు మావయ్య. ఆయన గొంతులో స్తంభం పై మెట్టు మీద నిలబడ్డవాడి హుషారు వచ్చేసింది. "ఎక్స్‌టెన్షన్ పీకేసి పడగ్గదికి వీధి స్తంభం నుంచి సొంత లైను లాగడం. అవునా? ఇంక ముందుగది ఫోనుతో పనిలేదు. ముందుగది వాడు సొరంగంలో కూర్చున్నా, బావిలో కూర్చున్నా, పడగ్గది వాడు నేరుగా వీధిలోకి మాట్లాడతాడు. సొంత నంబరుతో."

"...అవును."

"అంటే బ్రిడ్జ్‌లో ఉన్నప్పుడు లోపలి కంప్యూటర్ మీ సొరంగంలోకి రాదు."

"రాదు. కానీ ఆ సమయానికి బ్రిడ్జ్‌లో ఉందని ఏమిటి రుజువు? పద్ధతి మార్చిన ప్రతిసారీ టైము నమోదవుతుంది, ఆ చిట్టా చూస్తే గానీ..."

"చూడండి మరి. సీలు మీది, వేళ్ళు మీవి. మేం దగ్గరికి కూడా రాం."

తాళాలాయన సీలు చించాడు, లాప్‌టాప్ తెరిచాడు. నాలుగు నిమిషాలు టకటకలాడించాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని చదివాడు. "మంగళవారం పదీ ఇరవై ఒకటికి బ్రిడ్జ్. పన్నెండూ పదహారుకి మళ్ళీ న్యాట్."

"మధ్యలో?"

"మధ్యలో ఏం లేదు."

"ఇంకొక్క చిన్న ముచ్చట తీర్చండి. మీ సొరంగం తెరిచి, లోపలి కంప్యూటర్లోంచి 'నా చిరునామా ఏది' అని బయట అడగండి. ముందు న్యాట్‌లో, తర్వాత బ్రిడ్జ్‌లో."

అడిగాడు. న్యాట్‌లో ఆఫీసు గేటు చిరునామా వచ్చింది. బ్రిడ్జ్‌లో ఈ ఇంటి లైను చిరునామా వచ్చింది. సొరంగం మాత్రం రెండుసార్లూ నిక్షేపంలా తెరిచే ఉంది. ఈసారి యజమాని కుర్చీలోంచి లేచొచ్చి తన కళ్ళతో చూశాడు. నమ్మలేక ఇంకోసారి చేయించాడు. అంకెలు మారలేదు.

"అయ్యా," అన్నాడు మావయ్య, "ఈ అమ్మాయి పదకొండూ నలభై రెండుకి బొమ్మ పంపి ఉంటే అది ఈ ఇంటి చిరునామాతో వెళ్ళాలి. వెళ్ళింది మీ ఆఫీసు గేటు చిరునామాతో. కాబట్టి పంపింది ఈ కంప్యూటర్ కాదు."

"పై లాప్‌టాప్‌లోకి తీసుకుని పంపిందేమో!" తాళాలాయన గొంతు పెంచాడు.

మావయ్య జేబులోంచి మడత కాగితం తీసి, విప్పి, ఆయన ముక్కు ముందు పట్టుకున్నాడు. "ఒక్క గీత కూడా రాదట. ఎవరో సంతకం పెట్టారు. తోక భలే ఉంది."

తల్లి ఫక్కున నవ్వి, నవ్వు ఆపుకోవడానికి కాగితపు మోకాలొకటి నోటికి అడ్డం పెట్టుకుంది. మూడు రోజుల తర్వాత కూతురి మొహంలోకి రంగొచ్చింది.

తాళాలాయన మాత్రం లొంగలేదు. కాలర్ సరిచేసుకుని నిటారుగా నిలబడ్డాడు. "నా గేటు పుస్తకం అబద్ధం చెప్పదు. పేరు ఈవిడది, మెషీన్ పేరు ఈవిడది. పదకొండూ నలభై రెండుకి ఈ మెషీన్ నా సొరంగంలో ఉంది."

"పదకొండూ నలభైకీ నలభై నాలుక్కీ ఇక్కడ ప్రింటు కొడుతోంది. మధ్యలో సొరంగంలోకి దూకి బయటికొచ్చిందా?"

"పుస్తకం అబద్ధం చెప్పదు!"

"నేనూ అదే అంటున్నాను. పుస్తకమూ నిజమే, ప్రింటరూ నిజమే. ఒకే మెషీన్ ఒకే సమయానికి రెండు వాకిళ్ళలో కనపడిందంటే..." మావయ్య చేతికర్ర నేలకి రెండుసార్లు ఆనించాడు. "కవలలున్నాయి. మీరు పుస్తకంలో పేరు దాకానే చదివారు. పేరు పక్కన ఇంకో గడి ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చారన్నది. అది చదవండి."

నాలుగూ ఇరవై ఐదు. తాళాలాయన తన సంచిలోంచి సొంత లాప్‌టాప్ తీసి గేటు పుస్తకం తెరిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, తన తాళాలంటే తనకి మోజు, అంతే. ఆ మోజు ఒక్కో వరుసకీ కాస్త కాస్త కరగడం మావయ్య చూస్తూనే ఉన్నాడు.

"తొమ్మిదీ రెండు. ఈవిడ పేరు. వచ్చింది ఈ ఇంటి నుంచి." వేలు కింది వరుసకి జరిపాడు. "పదకొండూ ముప్పై ఒకటి. ఈవిడ పేరే. వచ్చింది... వేరే చోటు నుంచి."

"ఒకే పాస్‌వర్డు తాళంతో ఇద్దరు లోపలికి రావచ్చా?"

"రాకూడదు. కానీ జనం గంటకోసారి ఫోన్ చేసి లోపలికి రానివ్వట్లేదని సతాయిస్తుంటే ఆ అడ్డు తీసేశాను."

"తీసేశారూ! ముప్పై ఆరు మెషీన్ల మహారాజు!" యజమాని పళ్ళు కొరికాడు. "తాళం కాపీ ఎవరి దగ్గరుంది? మెషీన్ కాపీ ఎవరి దగ్గరుంది?"

"ప్రతి రాత్రీ మెషీన్లన్నిటికీ నకలు తీసి ఆఫీసులో దాస్తాను సార్. తాళాలూ అక్కడే ఉంటాయి. నేను తప్ప ఎవరూ..." ఆయన చూపు నెమ్మదిగా కిటికీ వైపు పోయింది. "మంగళవారం పొద్దున్న ఆఫీసు తెరవగానే ఒకరు అడిగారు. కొనేవాళ్ళకి చూపించాలి, ఆ అమ్మాయి మెషీన్ ఉన్నదున్నట్టు కావాలన్నారు. సోమవారం రాత్రి నకలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాను. తాళంతో సహా."

సోమవారం రాత్రి నకలు అంటే అందులో ఉండేది పద్నాలుగో నమూనా. ఎవరూ పైకి అనలేదు, అందరికీ తట్టింది.

బావమరిది దవడ మీద రుమాలు తీశాడు. "నన్ను చూస్తారేంటి అందరూ? తీసుకున్నాను, నిజమే. ఇంకా తెరవనే లేదు. ఆ పెన్‌డ్రైవ్ నా బల్ల సొరుగులోనే పడుంది."

గొంతు సన్నబడింది. మావయ్య చెవి నిక్కింది.

"తాళాలు గారూ," అన్నాడు, ఈసారి ఎకసెక్కం లేకుండా. "పదకొండూ ముప్పై ఒకటికి వచ్చిన ఆ చిరునామా పుస్తకంలో ఇంకెవరి పేరు పక్కనైనా ఉందేమో వెతకండి."

వెతికాడు. వెతికి, యజమాని మొహంలోకి చూసి, మళ్ళీ తెర చూసుకున్నాడు.

"చెప్పవయ్యా!"

"మంగళవారం ఎనిమిదీ పదికి ఉంది సార్. సోమవారం ఎనిమిదీ ఐదుకీ ఉంది. రోజూ ఉంది. మీ పేరు పక్కన."

యజమాని తెర దగ్గరికొచ్చి ఆ గడి తనే చదివాడు. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ ఇంటి నుంచి సొరంగం తెరిచి లెటర్లు చూసుకోవడం ఆయన అలవాటు. అది ఆయన ఇల్లు. ఆయన లైను.

"పదకొండున్నరకి నేను ఆఫీసులో ఉన్నాను. నువ్వే నా ఎదురుగా ఉన్నావు," అన్నాడు తాళాలాయనతో. "మా ఆవిడ స్కూల్లో ఉంది." అప్పుడు తల తిప్పాడు. ఆ తల తిప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. "మంగళవారం పన్ను పీకుతోందని ఆఫీసుకి ఇలా వచ్చి అలా ఇంటికెళ్ళిపోయింది ఎవర్రా?"

"బావా, అది న్యాట్‌లోనే ఉంది కదా!" బావమరిది అరిచాడు. "ముప్పై ఆరూ న్యాటే అన్నాడు కదా వీడు! అంతా ఆ పిల్ల పేరు మీదే పోవాలి కదా! ఎక్కడో బ్రిడ్జ్‌లో ఉందని నాకేం..."

మాట అయిపోయాక తనేమన్నాడో తనకి వినపడింది.

మావయ్య తాళాలాయన సంతకం పెట్టిన కాగితాన్ని బల్ల మీద పడేశాడు.

"ఇది సంతకం లేకుండానే చెల్లుతుంది," అన్నాడు స్తంభాల మావయ్య.

తాళాలాయన గీతలమ్మాయి ముందుకొచ్చి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కార్డులు పట్టుకున్నాడు. "అమ్మా, నాలుగు మెయిళ్ళు. ఒక్కటి చదివినా ఇదంతా..."

"చదవకపోవడమే మంచిదైంది సార్," అంది ఆ అమ్మాయి. "చదివుంటే బ్రిడ్జ్ కూడా మూసేసేవాళ్ళు. నేను జైల్లో ఉండేదాన్ని."

తల్లి నవ్వింది. మావయ్య నవ్వాడు. ఒక క్షణం ఆగి తాళాలాయన కూడా నవ్వాడు. పాపం, ఆ మనిషి నవ్వితే కార్డులు కూడా గలగలమంటాయి.

వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. ఐదుకి మూడు నిమిషాలు తక్కువ. యజమాని జేబులోంచి కాగితం తీసి గీతలమ్మాయి పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. పైన ఇంకో పేరు రాశాడు. సొంత బావమరిది పేరు అంత మెల్లిగా ఎవరూ రాసి ఉండరు. రాసి, సంతకం పెట్టాడు.

"రాసుకో బావా, రాసుకో," అన్నాడు బావమరిది. ముసుగు పోయాక ఆ మొహంలో తెగింపు వచ్చింది. "నన్ను లోపలేస్తే మీ మోకాలు వెనక్కొస్తుందా? మూడు రోజులు రాత్రీ పగలూ పనిచేసి వాళ్ళు కీలు తయారు చేసేశారు. రేపు పొద్దున్న పదింటికి కాలు లేని ఒకాయనకి తొడిగి, పేపర్లవాళ్ళందరి ముందూ ఇరవై మెట్లు దింపుతున్నారు. దాంతో బజారంతా వాళ్ళది. మీరు ఈ కాగితాలు కత్తిరించుకుంటూ కూర్చోండి."

యజమాని మొహం నల్లబడింది. కానీ మావయ్య చూస్తున్నది యజమానిని కాదు. గీతలమ్మాయి లేచి నిలబడింది. ఇందాకటి నవ్వు మొహంలో ఎక్కడా లేదు.

"పద్నాలుగో బొమ్మతోనే చేశారా?"

"నీ చేతి గీతలే. ఒక్కటి కూడా మార్చలేదు."

"అయ్యో," అంది ఆ అమ్మాయి. నేల మీద ఉన్న కాగితపు మోకాలొకటి తీసి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో ఇక్కడ ఇరుసు దూర్చే రంధ్రం. పద్నాలుగులో ఇది రెండు మిల్లీమీటర్లు వెనక్కుంది. చదునుగా నడిస్తే తెలీదు. మెట్లు దిగేటప్పుడు బరువంతా దీని మీద పడగానే కీలు జారి మడతపడిపోతుంది. సోమవారం రాత్రి పడుకున్నాక తట్టింది నాకు. మంగళవారం పొద్దున్నే పదిహేనులో సరిచేసింది అదే."

ఒక్క క్షణం తర్వాత యజమాని పగలబడి నవ్వాడు. కుర్చీ చేతి మీద చరిచాడు. "పనికిరాని మోకాలు కొనుక్కున్నారా! పడనీ! పేపర్లవాళ్ళ ముందే దొర్లనీ! రేపటికి వాళ్ళ దుకాణం బంద్!"

"పడేది దుకాణం కాదు బాబూ," అంది తల్లి. గోడ పట్టుకుని నిలబడి ఉంది. "కాలు లేని మనిషి. మెట్ల మీద. నేను పడ్డాను, నాకు తెలుసు."

యజమాని నవ్వు సగంలో తెగింది.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి వచ్చి, "ఎవరమ్మా ఆ గీతలు గీసే అమ్మాయి?" అని అడిగాడు.

"ఒక్క నిమిషం ఆగండి సార్, ఆ అమ్మాయి ఫోన్లో ఉంది," అన్నాడు స్తంభాల మావయ్య, చేతికర్ర గుమ్మానికి అడ్డం పెట్టి.

గీతలమ్మాయి అవతలి కంపెనీ నంబరు నొక్కి ఫోన్ చెవికి ఆనించుకుంది. రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు.

"నమస్తే అండీ. రేపు మీరు తొడగబోయే మోకాలు గీసింది నేను. ఆయన్ని మెట్ల దగ్గరికి రానివ్వకండి."